బ్లెండెడ్ విస్కీ: దేన్ని దేనితో కలిపారు?

సంపాదకులకు నమస్కారం.

మద్యం ధరలు మారినప్పుడూ, బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం గురించి కథనాలు వేసినప్పుడూ పత్రికల్లో ఒక పొరపాటు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. సింగిల్ మాల్ట్ అంటే అసలు సరుకనీ, బ్లెండెడ్ అంటే ఏదో కలిపేసిన రెండో రకమనీ రాస్తున్నారు. కలపడం అనగానే మనకు పాలల్లో నీళ్లు గుర్తొస్తాయి కాబట్టి ఈ మాట ఇట్టే నాటుకుపోతుంది. నిజానికి బ్లెండెడ్ అన్న మాటకు స్కాట్లాండ్‌లో ఒక అర్థం, అమెరికాలో ఇంకొకటి, మన వైన్స్ షాపు అరల్లో మరొకటి. దేన్ని దేనితో కలిపారో తెలిస్తే తప్ప ఆ మాటతో తేలేదేమీ లేదు. ఆ వివరం చాలావరకు సీసా మీదే అచ్చయి ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ.

ముందు కలిపే సరుకుల సంగతి. మాల్ట్ విస్కీకి బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, పిండి చేసి, వేడినీళ్లలో తీపి దిగాక ఈస్ట్ వేసి పులియబెడతారు. తర్వాత రాగి పాట్ స్టిల్‌లో, అంటే కుండలాంటి కాచే పాత్రలో, విడతలు విడతలుగా, సాధారణంగా రెండుసార్లు కాస్తారు. వచ్చే స్పిరిట్‌లో ఆల్కహాల్ 70 శాతం దగ్గర ఉంటుంది, రుచి చిక్కగా ఉంటుంది. గ్రెయిన్ విస్కీ గోధుమ లేదా మొక్కజొన్నకు కొంత మాల్ట్ చేర్చి, ఎత్తయిన స్తంభంలాంటి కాలమ్ స్టిల్‌లో ఆపకుండా కాచేది. ఇది తేలిక, చవక, ఎంత కావాలంటే అంత వస్తుంది. అలాగని రుచి లేనిది కాదు. కాచేటప్పుడు స్పిరిట్ 94.8 శాతం ఆల్కహాల్‌కి లోపే ఉండాలని స్కాచ్ (స్కాట్లాండ్ విస్కీ) చట్టం గీత గీసింది. దానివల్ల ధాన్యం వాసన కొంతైనా మిగులుతుంది. పైగా గ్రెయిన్ కూడా మాల్ట్‌లాగే కనీసం 3 ఏళ్లు ఓక్ పీపాలో ఉండాలి.

మన దగ్గర వాడే ఈఎన్ఏ, అంటే ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్, 96 శాతం దాకా శుద్ధి చేసింది. పైకి చూస్తే తేడా ఒకటింబావు శాతం. ఆ కాస్త దూరంలోనే ముడిసరుకు వాసన మొత్తం పోతుంది. పోవాలనే అన్ని కాలమ్‌ల గుండా పంపుతారు. అది చెరకు మొలాసిస్ (మడ్డి) నుంచి వచ్చిందో, నూకల నుంచి వచ్చిందో ముక్కుతో చెప్పడం కష్టం. బ్లెండెడ్ స్కాచ్‌లో మాల్ట్‌కి తోడు గ్రెయిన్ విస్కీ, మన మామూలు విస్కీలో మాల్ట్‌కి తోడు ఈఎన్ఏ. రెంటినీ ఒకే మాటతో పిలవడం దగ్గరే గందరగోళం మొదలవుతోంది.

స్కాచ్ విషయంలో 2009 నాటి నిబంధనలు అయిదు రకాల్ని తేల్చాయి. సింగిల్ మాల్ట్, సింగిల్ గ్రెయిన్, బ్లెండెడ్ మాల్ట్, బ్లెండెడ్ గ్రెయిన్, బ్లెండెడ్ స్కాచ్ విస్కీ. ఇందులో సింగిల్ అంటే ఒకే డిస్టిలరీ అని, ఒకే పీపా అని కాదు. అరలో కనిపించే 12 ఏళ్ల సింగిల్ మాల్ట్ కూడా ఆ డిస్టిలరీకి చెందిన ఎన్నో పీపాలు కలిపిందే. వేరే డిస్టిలరీ మాల్ట్ ఒక్క బకెట్ చేరిందంటే మాత్రం అది బ్లెండెడ్ మాల్ట్ అయిపోతుంది, గ్రెయిన్ చుక్క లేకపోయినా సరే. మాల్టూ గ్రెయినూ కలిస్తే బ్లెండెడ్ స్కాచ్. రెండు డిస్టిలరీల గ్రెయిన్ కలిస్తే బ్లెండెడ్ గ్రెయిన్. ఇది అరుదు, కంపాస్ బాక్స్ అనే కంపెనీ వాళ్ల హెడోనిజమ్ లాంటివి కొన్నే ఉన్నాయి.

జానీవాకర్ వరుసనే చూడండి. రెడ్, బ్లాక్, బ్లూ బ్లెండెడ్ స్కాచ్‌లు. వాటి పక్కనే ఉండే గ్రీన్ మాత్రం బ్లెండెడ్ మాల్ట్. ఒకే పేరు, ఒకే రకం చదరపు సీసా, లోపల వేరే జాతి సరుకు. మంకీ షోల్డర్ కూడా బ్లెండెడ్ మాల్టే. వీటిని సింగిల్ మాల్ట్ అని రాసినా తప్పే, మామూలు బ్లెండెడ్ స్కాచ్ అని రాసినా తప్పే. చట్టంలో ఇంకో వింత ఉంది. లాక్ లోమండ్ డిస్టిలరీ పూర్తిగా మాల్ట్ చేసిన బార్లీతోనే కాలమ్ స్టిల్‌లో విస్కీ తీస్తుంది. పాట్ స్టిల్‌లో కాయలేదు కాబట్టి లేబుల్ మీద సింగిల్ గ్రెయిన్ అనే వేయాలి. పేరుని ధాన్యం ఒక్కటే నిర్ణయించదు, కాచిన పాత్ర కూడా నిర్ణయిస్తుంది.

ఈ కచ్చితమైన పేర్లు ఊరికే రాలేదు. అంతకుముందు బ్లెండెడ్ మాల్ట్‌ని వ్యాటెడ్ మాల్ట్ అనీ, ప్యూర్ మాల్ట్ అనీ పిలిచేవాళ్లు. 2003లో కార్డూ సింగిల్ మాల్ట్‌కి స్పెయిన్‌లో గిరాకీ పెరిగి సరుకు చాలకపోతే, దాని యజమాని డియాజియో సంస్థ వేరే డిస్టిలరీల మాల్ట్ కలిపి, దాదాపు అదే సీసాలో, కార్డూ ప్యూర్ మాల్ట్ అని అమ్మింది. సింగిల్ పోయి ప్యూర్ వచ్చిన సంగతి ఎంతమంది గమనిస్తారు? మిగతా కంపెనీలు గొడవ చేస్తే మరుసటేడు వెనక్కి తీసుకుంది. ఇప్పుడు స్కాచ్ మీద ప్యూర్ మాల్ట్ అని రాయడం నిషేధం.

అసలు గ్రెయిన్ విస్కీని విస్కీ అనొచ్చా అన్న తగువు కూడా పాతదే. ఈనియస్ కాఫీ 1830లో కాలమ్ స్టిల్‌కి పేటెంట్ తీసుకున్నాడు. 1860 చట్టంతో పన్ను కట్టకముందే గోదాములోనే మాల్టునీ గ్రెయిన్‌నీ కలుపుకోవడానికి దారి దొరికింది. ఎడిన్‌బరోలో ఆండ్రూ అషర్ లాంటి వ్యాపారులు అందుకున్నారు. 1905లో లండన్‌లోని ఇస్లింగ్టన్ బరో (స్థానిక పాలక సంస్థ), గ్రెయిన్ స్పిరిట్‌ని విస్కీ పేరుతో అమ్ముతున్నారని దుకాణదారుల మీద కేసు పెట్టి గెలిచింది కూడా. చివరికి 1908లో వేసిన రాయల్ కమిషన్ 1909లో రెండూ విస్కీలేనని తేల్చింది. మొలాసిస్‌తో చేసినదాన్ని విస్కీ అనొచ్చా అని ఇప్పుడు ఐరోపా మనల్ని అడుగుతున్న ప్రశ్న కూడా దీనికి చుట్టమే.

కలపడం ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూస్తే, అది కల్తీ పని కాదని ఎవరికైనా అర్థమవుతుంది. ప్రతి పీపా నుంచి నమూనా తీసి, నీళ్లతో సుమారు 20 శాతానికి దించి, మూతి సన్నగా ఉన్న గ్లాసులో వాసన చూస్తారు. 60 శాతం దగ్గర చూస్తే ఆల్కహాల్ ఘాటుకి ముక్కు మొద్దుబారుతుంది, లోపాలు దాక్కుంటాయి. 20కి దించితే గంధకం వాసన, బూజు పట్టిన చెక్క వాసన వెంటనే బయటపడతాయి. ఒక్క చెడ్డ పీపా మొత్తం తొట్టిని పాడుచేస్తుంది, తర్వాత దాన్ని విడదీసే దారి లేదు. అందుకే ఈ దశలో ఎవరూ తొందరపడరు. పొగ వాసన ఉన్న ఐలా దీవి మాల్ట్‌తో ఇంకా జాగ్రత్త. కూరలో ఇంగువలాగా కొద్దిగా పడితేనే అందం, కాస్త ఎక్కువైతే మిగతావన్నీ దాని కింద అణిగిపోతాయి.

మాల్ట్ ఇంత ఉండాలన్న కనీస పాళ్లు స్కాచ్ చట్టంలో లేవు. మామూలు బ్లెండ్లలో గ్రెయిన్‌దే పెద్ద వాటా. ఏదైనా డిస్టిలరీ మూతపడితే ఆ మాల్ట్ దొరకదు కాబట్టి బ్లెండర్, అంటే కలిపే నిపుణుడి దగ్గర పాళ్ల చిట్టా కంటే రుచి జ్ఞాపకమే ముఖ్యం. అదే రుచి వచ్చేలా వేరే పీపాలు వెతకాలి. స్కాట్లాండ్‌లో పోటీ కంపెనీలు కూడా పీపాలు ఇచ్చిపుచ్చుకోవడం ఇందుకే. కలిపాక కొన్ని కంపెనీలు ఆ మిశ్రమాన్ని కొన్ని వారాలో నెలలో మళ్లీ పాత పీపాల్లోనో పెద్ద తొట్లలోనో కుదురుకోనిస్తాయి.

ఆ తర్వాత నీళ్లు చేర్చడం. దీన్నే మనవాళ్లు కల్తీ అనుకుంటారు. సింగిల్ మాల్టయినా బ్లెండెడ్ అయినా పీపా నుంచి నేరుగా నింపే కొద్ది రకాలు తప్ప అన్నిటికీ నీళ్లు పడతాయి. స్కాచ్‌కి కనీసం 40 శాతం ఉంటే చాలు. ఇక్కడ ఒక లెక్క కొత్తవాళ్లని తికమకపెడుతుంది. 60 శాతం ఉన్న 100 లీటర్లని 40 శాతానికి దించితే 150 లీటర్లు కావాలి. అయితే పోయాల్సిన నీళ్లు 50 లీటర్లు కాదు, 51 దాటి కావాలి. ఆల్కహాలూ నీళ్లూ కలిసినప్పుడు రెండూ కాస్త కుంచించుకుంటాయి. 50తో ఆపితే బలం ఎక్కువ చూపిస్తుంది. కలపగానే ద్రవం వేడెక్కుతుంది కాబట్టి చల్లారకుండా బలం కొలిచే హైడ్రోమీటర్ ముంచినా లెక్క తప్పుతుంది. ఇక కాల్షియం ఉన్న బోరు నీళ్లు పోస్తే కొన్ని వారాలకు సీసా అడుగున తెల్లటి పొడి దిగుతుంది. అందుకే డీమినరలైజ్డ్, అంటే ఖనిజాలు తీసేసిన నీళ్లే వాడతారు.

మసక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చూసి సరుకు నకిలీదని గొడవపడేవాళ్లున్నారు. విస్కీలో కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు ఉంటాయి. బలం 46 శాతం కంటే తగ్గి, చల్లబడితే అవి కరిగి ఉండలేక పొగలా తేలతాయి. చాలా కంపెనీలు సీసాలో నింపేముందే చల్లబరిచి వడగడతాయి. 46 శాతం వద్ద, అలా వడగట్టకుండా నింపిన సీసాలో విస్కీకి ఐసు వేస్తే మసక రావడం మామూలే. రంగుని నమ్మడం మాత్రం శుద్ధ దండగ. స్కాచ్‌లో కలపడానికి నీళ్లు కాక అనుమతి ఉన్న ఒకే ఒక్క వస్తువు మామూలు కారమెల్ రంగు, దాని కోడ్ ఈ150ఎ. సింగిల్ మాల్ట్‌లోనూ వేస్తారు.

వయసు లెక్క కఠినం. 12 ఏళ్లు అని వేస్తే, మాల్టయినా గ్రెయినయినా, అందులో అన్నిటికంటే చిన్న చుక్కకి 12 ఏళ్లు నిండి ఉండాలి. కంపాస్ బాక్స్ 2016లో దీన్ని ఎగతాళి చేస్తూ ఒక బ్లెండెడ్ మాల్ట్ తెచ్చింది. అందులో 3 ఏళ్ల మాల్ట్ 0.4 శాతం, మిగతా 99 శాతానికి పైన అంతకంటే ఎంతో పాతది. లేబుల్ మీద వేసుకోవడానికి చట్టం ఒప్పింది 3 ఏళ్లనే. వయసు వేయని సీసా అంటే చెడ్డది అనుకోనక్కర్లేదు. 3 ఏళ్లు నిండిందని మాత్రం గ్యారంటీ.

మిగతా దేశాలు త్వరగా. ఐర్లాండ్‌లో పాట్ స్టిల్ (మొలకెత్తించిన, మొలకెత్తించని బార్లీలు కలిపి కాచింది), మాల్ట్, గ్రెయిన్ అని మూడు రకాలున్నాయి, వాటిలో ఏ రెండు కలిసినా బ్లెండెడ్ ఐరిష్ అవుతుంది. అమెరికాలో బ్లెండెడ్ విస్కీ అంటే కనీసం 20 శాతం స్ట్రెయిట్ విస్కీ (న్యూట్రల్ స్పిరిట్ కలపకుండా పీపాలో నిలవున్నది) ఉండి, మిగతాది ఈఎన్ఏ లాంటి న్యూట్రల్ స్పిరిట్ అయినా కావచ్చు. అంటే మన పద్ధతికి దగ్గర చుట్టం అమెరికా బ్లెండే కానీ స్కాచ్ కాదు. కెనడావాళ్లు ఒక్కో ధాన్యాన్నీ విడివిడిగా కాచి, విడిగా నిల్వ చేసి, చివర్లో కలపడం మామూలు.

జపాన్ కథ కాస్త ఆగి చూడదగ్గది. అక్కడి కంపెనీలు స్కాట్లాండ్‌లోలా ఒకరికొకరు పీపాలు ఇచ్చిపుచ్చుకోవడం అరుదు. కావాల్సిన రకాలన్నీ ఎవరికి వాళ్లే తయారుచేసుకోవాలి, లేదా విదేశాల నుంచి తెప్పించుకోవాలి. తెప్పించి కలిపిన సరుకు కూడా జపాన్ పేరుతో చలామణీ అయ్యేది. అక్కడి మద్యం ఉత్పత్తిదారుల సంఘం 2021 ఏప్రిల్ 1 నుంచి తమ సభ్యులకి ప్రమాణం పెట్టింది. మాల్ట్ తప్పనిసరి, కాచడం, కనీసం 3 ఏళ్ల నిల్వ, సీసాలో నింపడం అన్నీ జపాన్‌లోనే. పాత సరుకుకి 2024 మార్చి దాకా గడువిచ్చారు. పేరున్న నిక్కా ఫ్రమ్ ది బ్యారెల్ ఆ ప్రమాణానికి అందదని ఆ కంపెనీయే చెప్పుకుంది. మంచి విస్కీయే, జపనీస్ విస్కీ మాత్రం కాదు. ఇంత సూటిగా చెప్పే అలవాటు మన కంపెనీలకి కూడా వస్తే బాగుండు.

ఇప్పుడు మన అర. ఇక్కడ బ్లెండెడ్ అని కనిపించే సీసాల్లో కనీసం మూడు జాతులున్నాయి. మొదటిది అక్కడే నింపి దిగుమతి అయిన స్కాచ్. రెండోది పెద్ద కంటెయినర్లలో తెప్పించి ఇక్కడ నీళ్లు చేర్చి నింపిన స్కాచ్. 100 పైపర్స్, వ్యాట్ 69, బ్లాక్ అండ్ వైట్ లాంటివి ఇలా వస్తాయి. లోపలిది స్కాట్లాండ్‌లో 3 ఏళ్లు నిలవున్న అచ్చమైన బ్లెండెడ్ స్కాచే, ఇక్కడ ఈఎన్ఏ కలపరు. దీన్ని ఇండియన్ విస్కీ అని రాయడం తప్పు. మూడోది భారతీయ విస్కీ, అంటే ఈఎన్ఏకి ఎంతో కొంత మాల్ట్, చాలాసార్లు కొంత స్కాచ్ కలిపింది. వీటికి మూడేళ్ల నిల్వ నియమం లేదు. ఐరోపా చట్టం ప్రకారం విస్కీ ధాన్యంతోనే కాయాలి, 3 ఏళ్లు పీపాలో ఉండాలి, రుచుల ఎసెన్స్ వేయకూడదు. అందువల్ల మొలాసిస్ స్పిరిట్ విస్కీని అక్కడ ఆ పేరుతో అమ్మనివ్వరు. అమృత్, పాల్ జాన్ లాంటి మన సింగిల్ మాల్ట్‌లు వేరే సంగతి, అవి మాల్ట్‌తోనే చేసినవి.

ఒక చిన్న చిక్కుముడి. సింగిల్ మాల్ట్ స్కాచ్‌ని 2012 నుంచి స్కాట్లాండ్‌లోనే సీసాలో నింపాలి, పెద్ద కంటెయినర్లలో విడిగా పంపకూడదు. కాబట్టి ఇప్పుడు మన బ్రాండ్లలో కలపడానికి వచ్చే స్కాచ్ మాల్ట్, పేరుకి బ్లెండెడ్ మాల్టే. 2025 జులై 24న సంతకమైన బ్రిటన్ ఒప్పందంలో విస్కీ సుంకం 150 శాతం నుంచి ముందు 75కి, పదేళ్లలో 40కి తగ్గించే మాట ఉంది. ఆ తగ్గింపు ఖరీదైన దిగుమతి సీసాకే అనుకుంటూ రాస్తున్నారు. విడిగా వచ్చే స్కాచ్‌కీ అది వర్తిస్తుంది, ఆ స్కాచ్ కలిసే భారతీయ బ్రాండ్ల ఖర్చునీ తాకుతుంది. అయితే షాపులో ధరలో రాష్ట్ర పన్నుల వాటా పెద్దది కాబట్టి సుంకం సగమైతే సీసా ధర సగం కాదు.

కొనేవాళ్లకి ఆచరణలో పనికొచ్చేది వెనక లేబుల్. ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఉన్న ‘స్కాచ్’ మాటని వదిలి, దాని పక్కన ఏముందో చూడాలి. బ్లెండెడ్ స్కాచ్ విస్కీ అన్న మూడు మాటలూ వరసగా ఉంటే స్కాచ్. ‘స్కాచ్‌తో కలిపిన’ అన్న అర్థం వచ్చేలా ఉంటే భారతీయ విస్కీ. చాలా సీసాల మీద చిన్న అక్షరాల్లో న్యూట్రల్ స్పిరిట్, డీమినరలైజ్డ్ వాటర్, మాల్ట్ స్పిరిట్, కారమెల్, ఫ్లేవర్ అని ఉంటాయి. ఫ్లేవర్ అన్న మాట ఉందంటే అది స్కాచ్ అయ్యే అవకాశమే లేదు. 42.8 శాతం అని చూసి ఇది లోకల్ అని తేల్చేయకండి. అది మద్యం బలం కొలిచే పాత ఎక్సైజ్ లెక్కలో 75 డిగ్రీల ప్రూఫ్, అంటే 25 అండర్ ప్రూఫ్. ఇక్కడ నింపిన స్కాచ్ కూడా సాధారణంగా అదే బలంతో వస్తుంది. 180 మిల్లీల క్వార్టర్‌లో ఆ లెక్కన 77 మిల్లీల ఆల్కహాల్, 40 శాతమైతే 72. తాగాక బండి తీసేవాళ్లకి రెండూ ఒకటే ప్రమాదం.

తేడా ముక్కుకి తెలియాలంటే రెండు మూడు చుక్కలు అరచేతిలో వేసి రుద్ది అర నిమిషం ఆగాలి. ఆల్కహాల్ ఎగిరిపోయాక పీపాలో నిలవున్న విస్కీ అయితే చెక్క, గింజల వాసన మెల్లగా మిగులుతుంది. ఎసెన్స్ మీద ఆధారపడిన సరుకైతే మొదట తీపి వాసన గుప్పుమని, ఆ తర్వాత ఏమీ ఉండదు. పంచదార వేసి ఉంటే చేతికి జిగురు తగులుతుంది. ఖాళీ గ్లాసుని కడగకుండా ఉంచి తెల్లారి వాసన చూసినా ఇదే తెలుస్తుంది. ఈ పరీక్ష నాణ్యతకే. మిథనాల్ కలిసిన విష మద్యాన్ని ఇది పట్టించదు. దానికి లైసెన్స్ ఉన్న షాపు, చెదరని సీలు, మూత మీద హోలోగ్రామ్, ఇవే ఆధారం.

చివరగా మీ డెస్కుకి ఒక మనవి. ధరల పట్టిక వేసేటప్పుడు బ్రాండ్ పేరు పక్కన ఇంకో గడి పెట్టి, లేబుల్ మీద ఉన్న రకాన్ని ఉన్నది ఉన్నట్టు వేయండి: బ్లెండెడ్ స్కాచ్, బ్లెండెడ్ మాల్ట్, ఇండియన్ విస్కీ, సింగిల్ మాల్ట్. ఎక్కడ నింపారో కూడా వేయగలిగితే ఇంకా మంచిది. పదిహేను వందల సీసా పక్కన మూడు వేల సీసా ఎందుకు ఉందో అప్పుడు పాఠకుడే పోల్చుకుంటాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం